ప్రింట్ఎఫ్ పెడితే సరైన సమాధానం, తీసేస్తే మైనస్ 4,200: రొయ్యల గుంట ఆక్సిజన్ ప్రోగ్రామ్‌లో తప్పెక్కడ?

మైపాడు_కెరటం · శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు కోసం మా రొయ్యల గుంటలో రాత్రిపూట డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, ఎంత తగ్గుతుందో లెక్కగట్టే ప్రోగ్రామ్ సీ భాషలో రాస్తున్నాను. గుంట ఇందుకూరుపేట దగ్గర. వెనామీ వేశాం.

సమీకరణం పెద్దదేం కాదు. గాలి నుంచి, ఏరేటర్ల నుంచి కలిసేది ఒక పదం. పగలు ప్లాంక్టన్ తయారుచేసేది ఇంకో పదం. అన్నీ కలిసి పీల్చుకునేది మూడోది. పీల్చేవి నాలుగు: రొయ్యలు, ప్లాంక్టన్, అడుగు బురద, నీళ్ళలోని బ్యాక్టీరియా. ఆ నాలుగు అంకెలూ ఒక అర్రేలో పెట్టి లూప్‌లో కలుపుతున్నాను. మొత్తం గంటకు లీటరుకు 0.6 మిల్లీగ్రాములు. పద్ధతి నాలుగో ఆర్డర్ రుంగే-కుట్టా: ఒక్కో అడుగులో డీఓ మారే వేగాన్ని (వాలు) కే1 నుంచి కే4 దాకా నాలుగుసార్లు లెక్కించి సగటు కడుతుంది. అడుగు ఒక నిమిషం. విలువలన్నీ దాచి చివర్లో ఒకేసారి ప్రింట్ చేస్తున్నాను.

సాయంత్రం 6కి 7.2తో మొదలుపెడితే ఆరున్నర లోపే డీఓ మైనస్‌లోకి పోతోంది. తెల్లవారుజామున 5కి మైనస్ 4,200 పైచిలుకు! తప్పెక్కడో చూద్దామని కే1, కే2, కే3, కే4 ఒక్కోటి లెక్కించగానే ఒక్కో ప్రింట్ఎఫ్ (విలువను తెరమీద చూపించే ఆదేశం) పెట్టాను. అంతే, సమాధానం సరిగ్గా వచ్చేసింది. 5కి 4.3. మీటర్లో మా నాన్న చూసింది 4.1. ప్రింట్ఎఫ్‌లు తీసేస్తే మళ్ళీ మైనస్ 4,200. డాష్ ఓ2 (కోడ్ వేగంగా నడిచేలా చేసే ఆప్టిమైజేషన్ ఆప్షన్) పెట్టి కంపైల్ చేస్తే మాత్రం ప్రింట్ఎఫ్ లేకపోయినా సరిగ్గానే వస్తోంది.

సోమవారం రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలో చెప్పండి.

ఒంగోలు_గిత్త · శుక్రవారం రాత్రి 11:34

డాష్ ఓ2తో సరిగ్గా వస్తోంది కదా తమ్ముడూ. దాంతోనే చూపించేసి రివ్యూ గట్టెక్కు. మిగతాది తర్వాత చూసుకోవచ్చు.

చీమకుర్తి_రాయి · శుక్రవారం రాత్రి 11:41

గిత్త గారూ, ఆ సలహా మాత్రం వద్దు. ప్రింట్ఎఫ్ పెడితే రోగం పోయిందంటే అది నయమైనట్టు కాదు. ఆప్టిమైజేషన్ మారితే జవాబు మారుతోంది, ప్రింట్ పెడితే జవాబు మారుతోంది. ఇలాంటప్పుడు నేను మొట్టమొదట అనుమానించేది మొదటి విలువ ఇవ్వని వేరియబుల్‌ని. అర్రే హద్దు దాటి రాయడం రెండో అనుమానం.

కెరటం, ఒక పని చెయ్యి. గాలి మార్పిడి, ఏరేటర్లు రెండూ సున్నా చెయ్యి. రాత్రి కాబట్టి ప్లాంక్టన్ ఉత్పత్తి ఎలాగూ సున్నా. అప్పుడు మిగిలేది పీల్చుకునే పదం ఒక్కటే. డీఓ గంటకు 0.6 చొప్పున గీత గీసినట్టు తగ్గాలి. ప్రింట్ఎఫ్‌లు ఒక్కోటీ తీస్తూ ఆ వాలు ఎంత వస్తోందో చెప్పు.

గుంటకాడ_బాబాయ్ · శుక్రవారం రాత్రి 11:58

నాకు కంప్యూటర్ గోల తెలీదు. విడవలూరు పక్కన 3 గుంటలున్నాయి, ఫోన్లో ఇది కనబడితే చదివా. గంటకి 0.6 అంటే సాయంత్రం 6 నుంచి పొద్దున 5 దాకా 6.6 పోద్ది. 7.2లో 0.6 మిగులుద్ది. ఏరేటర్లు ఆగిపోయిన రాత్రి అట్టాగే ఉంటది అబ్బయా. రెండు మూడు గంటలప్పుడే రొయ్య గట్టెమ్మట పైకి తేలద్ది. 4కి తగ్గితేనే మాకు నిద్ర పట్టదు, నువ్వు మైనస్ అంటుండావు.

మైపాడు_కెరటం · శనివారం ఉదయం 12:47

బాబాయ్ 😄 అమ్మ కూడా ఇదే అడిగింది.

రాయి గారూ, చేశాను. నాలుగు ప్రింట్ఎఫ్‌లూ ఉంటే గంటకు 0.6 తగ్గుతోంది, సరిగ్గా. ఒక్కటీ లేకపోతే గీత కాదు, గంట గంటకీ కిందికి వంగిపోతూ ఉంది. విచిత్రం ఏంటంటే కే4 తర్వాతి ప్రింట్ఎఫ్ ఒక్కటే ఉంచితే మళ్ళీ తిన్నని గీతే వస్తోంది, కానీ గంటకు 1.5 తగ్గుతోంది. 1.49 కాదు, 1.51 కాదు. నికరంగా 1.5.

ఫోర్‌ట్రాన్_తాత · శనివారం ఉదయం 5:52

పొద్దున్నే కాఫీ తాగుతూ ఇది చూశాను. అబ్బాయ్, ఆ 1.5తోనే నీ తప్పు దొరికిపోయింది.

1.5 అంటే 0.6కి రెండున్నర రెట్లు. రుంగే-కుట్టాలో నాలుగు వాలుల బరువులు 1, 2, 2, 1, మొత్తాన్ని 6తో భాగిస్తాం. మొదటి స్టేజీలో పీల్చుకునేది 0.6, రెండో స్టేజీలో దానికి రెండింతలు, మూడో స్టేజీలో మూడింతలు, నాలుగో స్టేజీలో నాలుగింతలు అయిందనుకో. 1, రెండు రెళ్ళు 4, రెండు మూళ్ళు 6, చివర 4. కలిపితే 15. ఆరుతో భాగిస్తే రెండున్నర.

అంటే నీ మొత్తం కట్టే వేరియబుల్ ప్రతి పిలుపుకీ సున్నా నుంచి మొదలవట్లేదు. పోయినసారి ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కలుపుతోంది. లూప్‌కి ముందు సున్నా పెట్టావా? నేను కోడ్ చూడలేదు, కానీ పెట్టలేదని ఒక దోసె పందెం.

మైపాడు_కెరటం · శనివారం ఉదయం 7:15

సార్... పెట్టలేదు. డబుల్ అని డిక్లేర్ చేసి వదిలేశాను. కింద లూప్‌లో ప్లస్ ఈక్వల్స్. మొదటి విలువ ఇవ్వకపోతే సున్నానే ఉంటుందనుకున్నా. దోసె బాకీ.

కానీ ప్రింట్ఎఫ్‌కీ దీనికీ సంబంధం ఏంటి?

చీమకుర్తి_రాయి · శనివారం ఉదయం 7:40

తాత గారికి దండం 🙏 నేను వాల్‌గ్రిండ్ (మెమరీ తప్పులు పట్టే సాధనం) నడపమని చెబుదామనుకుంటుంటే ఆయన వేళ్ళ మీద లెక్కేసి పట్టేశారు.

కెరటం, సీలో ఫంక్షన్ల బయట రాసిన వేరియబుళ్ళకీ, స్టాటిక్ వాటికీ భాషే సున్నా ఇస్తుంది. ఫంక్షన్ లోపలి మామూలు వేరియబుల్‌కి ఏమీ ఇవ్వదు. స్టాక్‌లో (ఫంక్షన్లు వంతులవారీగా వాడుకునే మెమరీలో) దానికి కేటాయించిన ఎనిమిది బైట్లలో ముందు ఎవరు ఏం వదిలి వెళ్ళారో అదే దాని విలువ. అద్దె గది ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళ సామాను లాంటిది.

నీ డెరివేటివ్ ఫంక్షన్‌ని (వాలు లెక్కగట్టేదాన్ని) రుంగే-కుట్టా ఫంక్షన్ వరసగా నాలుగుసార్లు పిలుస్తోంది. మధ్యలో ఇంకెవరూ రారు. ప్రతిసారీ అదే గది, అందులో పోయినసారి మిగిలిన మొత్తమే. మధ్యలో ప్రింట్ఎఫ్ వస్తే అది అదే స్టాక్ స్థలాన్ని వాడుకుని తన సామాను వదిలి పోతుంది. ఆ సామాను చాలాసార్లు పాయింటర్లు, చిన్న పూర్ణాంకాలు. వాటిని డబుల్‌గా చదివితే 6.95ఈ-310 (అంటే 6.95 ఇంటూ 10 పవర్ మైనస్ 310) లాంటి అతి చిన్న సంఖ్య వస్తుంది. 0.6 పక్కన అది సున్నాతో సమానం. అందుకే ప్రింట్ఎఫ్ నీ వేరియబుల్‌కి సున్నా పెట్టినట్టు పనిచేసింది.

ఎప్పుడైనా డబుల్ విలువ ప్రింట్ చేస్తే 4.6ఈ-310, 6.9ఈ-310 దగ్గర కనబడిందంటే అది 64 బిట్ల లినక్స్‌లో ఏదో మెమరీ చిరునామా అని దాదాపు కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

డాష్ ఓ2లో ఆ వేరియబుల్ స్టాక్‌లో కాకుండా రిజిస్టర్‌లో ఉంటుంది, లేదా కంపైలర్ తనకు తోచిన విలువ ఊహించుకుంటుంది. సున్నా అనుకోవడం నీ అదృష్టం. అనుకుని తీరాలని ఎక్కడా రూలు లేదు.

దర్గామిట్ట_దోసె · శనివారం ఉదయం 9:05

దోసె పందెం అంటే వచ్చా 😁 విండోస్‌లో విజువల్ స్టూడియో డీబగ్ బిల్డ్ వాడేవాళ్ళకి ఇంకో గుర్తు. అది స్టాక్‌లోని లోకల్ వేరియబుళ్ళను సీసీ అనే బైట్‌తో నింపుతుంది. డబుల్‌గా చదివితే మైనస్ 9.25596ఈ+61. నేను కాలేజీలో ఆ అంకె చూసి నా సమీకరణం అస్థిరంగా ఉందనుకుని రెండు రోజులు అడుగు తగ్గించుకుంటూ పోయా. ఎంత తగ్గించినా అదే అంకె. అప్పుడైనా అనుమానం రావాలిగా, రాలేదు.

మైపాడు_కెరటం · శనివారం ఉదయం 9:30

కంపైలర్ ఎందుకు చెప్పలేదు? డాష్ వాల్ (హెచ్చరికలు చూపించమనే ఆప్షన్) పెట్టే కంపైల్ చేశాను. ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

చీమకుర్తి_రాయి · శనివారం ఉదయం 9:52

జీసీసీ కంపైలర్‌లో ఈ హెచ్చరికలు రెండు రకాలు. ఖాయంగా విలువ లేదు అనేది ఒకటి, లేకపోవచ్చు అనేది ఇంకోటి. నీది లూప్‌లో కలిపే వేరియబుల్. మొదటి చుట్టులో విలువ లేదు, రెండో చుట్టు నుంచి ఉంది. కాబట్టి 'లేకపోవచ్చు' కోవలో పడుతుంది. ఆ రెండో రకం ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తుంది, ఎందుకంటే విలువలు ఏ దారిలో పారుతున్నాయో కంపైలర్ లెక్క కట్టేది అప్పుడే. డాష్ వాల్, డాష్ ఓ2 రెండూ కలిపి ఒకసారి కంపైల్ చేసి చూడు.

వాల్‌గ్రిండ్ కూడా నడుపు. ట్రాక్ ఆరిజిన్స్ యెస్ (చెత్త విలువ ఎక్కడ పుట్టిందో చూపించే ఆప్షన్) అని పెట్టడం మర్చిపోకు.

మైపాడు_కెరటం · శనివారం ఉదయం 10:20

రెండూ కలిపితే వార్నింగ్ వచ్చింది, లైన్ నంబర్‌తో సహా. రాత్రంతా మేలుకున్నా కదా, ఏడుపొచ్చింది.

వాల్‌గ్రిండ్ మాత్రం తప్పు ప్రింట్ఎఫ్ లోపల ఉందంటోంది. 'కండిషనల్ జంప్ ఆర్ మూవ్ డిపెండ్స్ ఆన్ అన్‌ఇనిషియలైజ్డ్ వాల్యూ' అని పేజీలకు పేజీలు. కిందెక్కడో నా డెరివేటివ్ ఫంక్షన్ పేరు, 'స్టాక్ అలొకేషన్' అని ఉంది.

చీమకుర్తి_రాయి · శనివారం ఉదయం 10:31

ఆ కింద ఉన్నదే అసలు జవాబు. చెత్త విలువను కాపీ చేసినా, కూడినా, గుణించినా వాల్‌గ్రిండ్ నోరెత్తదు. లోపల గుర్తు పెట్టుకుంటుందంతే. ఆ విలువను బట్టి ప్రోగ్రామ్ ఇటు వెళ్ళాలా అటు వెళ్ళాలా అని తేల్చుకునే చోట అరుస్తుంది. సంఖ్యా గణన ప్రోగ్రాముల్లో వేల కూడికలు, గుణకారాలు నడిచినా ఇఫ్ అన్నది ఎక్కడా తగలదు. చివరికి అంకెలు విడగొట్టే ప్రింట్ఎఫ్ దగ్గర తగులుతుంది. పాపం దాని తప్పేం లేదు.

అడ్రస్ శానిటైజర్ (అర్రే హద్దు దాటడం లాంటివి పట్టే సాధనం) దీన్ని పట్టదు, ఆశ పెట్టుకోకు. పట్టేది మెమరీ శానిటైజర్, అది క్లాంగ్ కంపైలర్‌లోనే ఉంది. పైగా వాడే లైబ్రరీలన్నీ దాంతోనే కంపైల్ అయి ఉండాలి, లేకపోతే లేని తప్పులు చూపిస్తుంది.

ఒంగోలు_గిత్త · శనివారం ఉదయం 11:02

సరే, రాత్రి నేనన్నది వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఇంత రామాయణం ఎందుకు? డిక్లేర్ చేసే ప్రతి వేరియబుల్‌కీ సున్నా పెట్టేస్తే పోలా? మెమరీ అడిగేటప్పుడు మాలక్ బదులు, సున్నాలు నింపి ఇచ్చే కాలక్ వాడితే అర్రేలకీ సున్నాలే. ఇక ఈ జన్మలో ఈ బాధ ఉండదు.

ఫోర్‌ట్రాన్_తాత · శనివారం మధ్యాహ్నం 12:15

గిత్తా, మొత్తం కట్టే వేరియబుల్‌కి సున్నా సరైన మొదటి విలువ. అది అర్థం తెలిసి పెట్టిన సున్నా. అన్నిటికీ గుడ్డిగా సున్నా పెడితే ఉప్పు వేయడం మర్చిపోయిన పులుసులో ఏముందో తెలియకుండా చింతపండు పిండినట్టే. ఏరేటర్ సామర్థ్యం చదవడం మర్చిపోయావనుకో, సున్నాతో ప్రోగ్రామ్ హాయిగా నడిచి నమ్మశక్యమైన తప్పు అంకె ఇస్తుంది. మైనస్ 4,200 వస్తే ఎవడైనా ఆగి చూస్తాడు. 3.4 వస్తే ఎవడు చూస్తాడు?

నా పద్ధతి తిరగేసి ఉంటుంది. తెలియనిచోట నాన్ ('ఇది సంఖ్య కాదు' అనే గుర్తు) నింపు. ఫోర్‌ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్‌ట్రాన్‌లో రియల్ వేరియబుళ్ళను సిగ్నలింగ్ నాన్‌తో నింపమని, చెల్లని లెక్క జరగ్గానే ప్రోగ్రామ్ ఆపమని రెండు ఆప్షన్లు ఉన్నాయి. తప్పు జరిగిన లైన్ మీదే ఆగిపోతుంది. క్లాంగ్‌లో లోకల్ వేరియబుళ్ళను నమూనాతో నింపే ఆప్షన్ పెడితే డబుల్‌లు నాన్ అవుతాయి. జీసీసీలో ఆ ఆప్షన్ 12వ వెర్షన్ నుంచి ఉంది. కాకపోతే అక్కడ వచ్చేది నాన్ కాదు, మహా పెద్ద రుణ సంఖ్య.

డిక్లరేషన్లో సున్నా పెట్టే అలవాటు ఫోర్‌ట్రాన్‌లో ఇంకో గోతిలో దింపుతుంది. సబ్‌రొటీన్‌లో డిక్లేర్ చేస్తూనే విలువ ఇస్తే ఆ వేరియబుల్‌కి సేవ్ లక్షణం దానంతటదే వచ్చేస్తుంది. మొదటి పిలుపులో మాత్రమే సున్నా. రెండో పిలుపు నుంచి పాత విలువే ఉంటుంది. అంటే ఈ అబ్బాయికి సీలో పొరపాటున జరిగింది అక్కడ భాష రూలు ప్రకారమే జరుగుతుంది. ఒకప్పుడు దీంతో నాకు ఒక వేసవి సెలవు మొత్తం పోయింది. ఇంట్లోవాళ్ళు తిరుపతి వెళ్ళొచ్చారు, నేను లిస్టింగ్ కాగితాల మీద ఎర్ర పెన్సిల్‌తో కూర్చున్నా.

మైపాడు_కెరటం · శనివారం రాత్రి 8:45

అందరికీ థాంక్స్. ఆ తప్పు సరిచేశాను. ధైర్యం వచ్చి, రివ్యూలో బాగుంటుందని అడుగు దానంతటదే మార్చుకునే డార్మండ్-ప్రిన్స్ పద్ధతికి మార్చాను. టాలరెన్స్, అంటే ఒప్పుకునే లోపం, 10 పవర్ మైనస్ 6. కే అర్రేలు ఏడూ మాలక్‌తో తీసుకున్నా. వార్నింగులు లేవు. 5కి 4.3 వస్తోంది, పాత సమాధానమే.

ఒక్కటే సందేహం. మొదటి అడుగు అరగంట ఇస్తే సాల్వర్ (సమీకరణం సాధించే భాగం) 12 సార్లు తిరస్కరించి, నాలుగు సెకన్ల లోపు అడుగుకి ఒప్పుకుంటోంది. ఆ తర్వాత మాత్రం బాగా పెద్ద అడుగులే. సమాధానం సరిగ్గానే ఉంది కాబట్టి వదిలేయొచ్చా?

చీమకుర్తి_రాయి · శనివారం రాత్రి 9:10

వదలొద్దు. సాయంత్రం ఆరు గంటలకు నీ గుంటలో అంత హడావుడి ఏముంది, నాలుగు సెకన్ల అడుగు కావడానికి? తిరస్కరించిన ప్రతిసారీ అడుగు ఎంత, లోపం అంచనా ఎంత అనేది ప్రింట్ చేసి రెండు వరసలు పెట్టు.

మైపాడు_కెరటం · శనివారం రాత్రి 9:22

మధ్యలోవి రెండు: అడుగు 0.0098 గంటలు, లోపం 0.0000090. తర్వాత అడుగు 0.0057, లోపం 0.0000052.

చీమకుర్తి_రాయి · శనివారం రాత్రి 9:48

చూశావా. అడుగు 0.58 వంతైంది, లోపం కూడా 0.58 వంతే అయింది. ఈ పద్ధతిలో ఒక అడుగులో లోపం అడుగు ఐదో ఘాతంతో తగ్గాలి. 0.58 ఐదో ఘాతం 0.066. అంటే పదిహేనో వంతుకు పడిపోవాలి. అడుగుతో సమానంగా తగ్గుతోందంటే వాలుల్లో ఏదో ఒకటి అసలు వాలే కాదు.

డార్మండ్-ప్రిన్స్‌లో ఒక పొదుపు ఉంది. ఒక అడుగులో చివరిదైన కే7 తర్వాతి అడుగుకి కే1 అవుతుంది, మళ్ళీ లెక్కించక్కర్లేదు. ఆ కాపీ రాసి ఉంటావు. మరి మొట్టమొదటి అడుగుకి ముందు ఏ కే7 ఉంది? కే1ని ఎవరు నింపారు?

మైపాడు_కెరటం · శనివారం రాత్రి 10:05

ఎవరూ నింపలేదు 🤦 మళ్ళీ అదే తప్పు!

కానీ సమాధానం ఎలా సరిగ్గా వచ్చింది?

ఫోర్‌ట్రాన్_తాత · శనివారం రాత్రి 10:30

సరిగ్గా రాలేదు, నీకు కనబడలేదంతే. మాలక్ కొత్త పేజీ ఇచ్చింది, అందులో సున్నాలున్నాయి. కే1 సున్నా అయింది. కొత్త విలువలో కే1 వాటా 35/384. లోపం అంచనాలో దాని వాటా 71/57600 మాత్రమే. మొదటిది రెండోదానికి దాదాపు 74 రెట్లు. అంటే లోపం 10 పవర్ మైనస్ 6 అని సాల్వర్ సంతృప్తి పడేసరికి నిజంగా పోయింది 0.00007. మీ నాన్న మీటర్ చూపించేది ఒక్క దశాంశ స్థానం.

ఇదే మెమరీ ముందు ఇంకో గుంటకి వాడి వదిలేసిందైతే అందులో ఏ అంకెలుంటాయో నీకూ తెలీదు, నాకూ తెలీదు. కంపైలర్‌కీ తెలీదు, మాలక్‌తో తీసుకున్నదాన్ని అది పెద్దగా పట్టించుకోదు. కే అర్రేలన్నీ మాలక్ అవ్వగానే నాన్‌తో నింపి నడుపు.

మైపాడు_కెరటం · శనివారం రాత్రి 11:16

కే1 ఇంకా సరిచేయకుండా నాన్ నింపి చూశాను. డీఓ మొదటి అడుగు నుంచే నాన్. కానీ సాల్వర్ ఆగలేదు! లోపం సున్నా అని చూపించి అడుగులు పెంచుకుంటూ తెల్లారిపోయేదాకా వెళ్ళిపోయింది. నేను 'నాన్, నాన్' అని గొణుక్కుంటుంటే అమ్మ వచ్చి, ఈ వేళప్పుడు రొట్టెలెక్కడి నుంచి తేవాలి అంటోంది.

చీమకుర్తి_రాయి · శనివారం రాత్రి 11:31

లోపాల్లో పెద్దది ఎంచడానికి ఎఫ్‌మ్యాక్స్ వాడావు కదా? దానికి ఒకవైపు నాన్, ఇంకోవైపు సంఖ్య ఇస్తే సంఖ్యనే తిరిగిస్తుంది. నీ మొదటి విలువ సున్నా, కాబట్టి సున్నా.

అది మార్చినా ఇంకో చిల్లు ఉంది. లోపం టాలరెన్స్ కంటే ఎక్కువైతే తిరస్కరించు అని రాసి ఉంటావు. నాన్‌తో ఎక్కువ, తక్కువ, సమానం అనే ఏ పోలికైనా అబద్ధమే. ఎక్కువ కాదు కాబట్టి ఒప్పుకుంటుంది. తిప్పి రాయి: లోపం టాలరెన్స్ లోపల ఉంటేనే ఒప్పుకో, లేకపోతే తిరస్కరించు. అడుగు మరీ చిన్నదైపోతే ప్రోగ్రామ్ ఆపేసి చెప్పు. డాష్ ఓఫాస్ట్, ఫాస్ట్ మ్యాథ్ లాంటివి ఉంటే తీసెయ్యి. వాటితో కంపైలర్ నాన్‌లు అసలు రావనే అనుకుంటుంది, అప్పుడు నీ తనిఖీలు చెరిగిపోవచ్చు.

మైపాడు_కెరటం · ఆదివారం ఉదయం 10:40

తిప్పి రాసి, కే1 నింపకుండానే నడిపితే మొదటి అడుగు దగ్గరే ఆగి మొత్తుకుంది. తర్వాత కే1ని మొదలుపెట్టే ముందు ఒకసారి లెక్కించాను. మొదటి అడుగు తిరస్కరణలు లేకుండా చక్కగా సాగింది. వాల్‌గ్రిండ్ మౌనం.

ఇప్పుడు రాత్రి 10కి రెండో ఏరేటర్ వేస్తే ఏమవుతుందో చూపిస్తున్నా. 10 దాకా ఒకసారి, సామర్థ్యం మార్చి 10 నుంచి 5 దాకా మళ్ళీ ఒకసారి సాల్వర్‌ని పిలుస్తున్నా. 5కి 4.9 వస్తోంది.

ఫోర్‌ట్రాన్_తాత · ఆదివారం ఉదయం 11:05

రెండోసారి పిలిచినప్పుడు కే1 ఏది అబ్బాయ్? ఏరేటర్ వేయకముందు లెక్కించిన కే7నా?

మైపాడు_కెరటం · ఆదివారం ఉదయం 11:12

...అవును సార్. వర్క్ అర్రే మళ్ళీ అదే వాడుతున్నా. చెత్త కాదు కానీ పాతది. నాన్ కూడా పట్టదు.

ప్రతి పిలుపు మొదట్లో కే1 కొత్తగా లెక్కించేలా మార్చి మళ్ళీ రన్ పెట్టా.

గుంటకాడ_బాబాయ్ · ఆదివారం మధ్యాహ్నం 1:20

అంతా చదివా, సగం అర్థమైంది. రివ్యూ అయినాక మీటర్ తీసుకుని ఒక రాత్రి మా గుంట కాడికి రా అబ్బయా. పదింటికి రెండో ఏరేటర్ నేనే వేస్తా, 5కి ఎంతుందో ఇద్దరం చూద్దాం.